పెత్రమాసకు షాంపేన్

స్వరూపను హాస్టల్ పిల్లలు వెనకాల "వాపస్ అక్క" అంటారు. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్‌లో సరుకుల గది ఆమె చేతిలో ఉంటుంది. కాంట్రాక్టరు బస్తా దించగానే నాలుగు గింజలు తీసి పంటికింద వేసుకుంటుంది. ముక్కిపోయిన బియ్యమైతే వాపస్. టమాటా మెత్తబడితే వాపస్. "సర్దుకోండి మేడం, ఎట్లయినా ఉడికేదే కదా" అని కాంట్రాక్టరు మనిషి నసిగితే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "నీ బిడ్డకు గిదే వండిపెడ్తవా?" అని అడుగుతుంది. బస్తా తిరిగి లారీ ఎక్కుతుంది.

అలాంటి మనిషి ఈ ఏడు ఒక పాత సీసా మీద రెండు నెలల జీతం పోయడానికి సిద్ధపడింది. విన్నవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు.

కారణం వాళ్ల నాయన వెంకటనర్సయ్య. అదే క్యాంపస్ గెస్ట్‌హౌజ్‌లో బేరర్‌గా చేసి రిటైరై, మొన్న ఎండాకాలంలో పోయాడు. బతికినన్నాళ్లు ఒక ముచ్చట చెప్పి తాను నవ్వి, అందరినీ నవ్వించేవాడు. స్వరూప బడికి పోయే రోజుల్లో ఫ్రాన్సు నుంచి ఒక సైంటిస్టు వచ్చాడట. వస్తూ రెండు షాంపేన్ సీసాలు తెచ్చాడట. ఒకటి విందులో తెరిచారు. తెరిచిందీ, అందరికీ పోసిందీ వెంకటనర్సయ్యే. చివర్లో ఆ దొర తానే ఒక గ్లాసు నింపి, నువ్వూ తాగు అని ఆయన చేతిలో పెట్టాడు. పెదవి దాకా పోకముందే పక్కనున్న ప్రొఫెసర్ సారు ఆ గ్లాసు లాక్కుని, "ఇవన్నీ నీకు పడవులే నర్సయ్యా" అని పక్కనున్న క్రోటన్ కుండీలో కుమ్మరించాడు. విందులో అందరూ నవ్వారు. "నాకన్న ఆ చెట్టు నసీబు మంచిగున్నది" అని వెంకటనర్సయ్య కూడా నవ్వేవాడు. స్వరూపకు మాత్రం ఒక్కనాడూ నవ్వు రాలేదు.

రెండో సీసాను దొర పోతూ పోతూ ఆ ప్రొఫెసర్ సారుకే ఇచ్చాడు. ఉన్నవాడికే పెట్టడం లోకం తీరు.

పెత్రమాస నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య నాడు, వీళ్ల ఇళ్లలో చనిపోయిన పెద్దలకు పెడతారు. వాళ్లు ఇష్టంగా తిన్నది వండి, తాగింది తెచ్చి, విస్తట్లో వడ్డించి ఫోటో ముందుంచుతారు. తర్వాత డాబా మీద కాకికి పెడతారు. తలకాయ కూర తిన్నవాళ్లకు తలకాయ కూర, కల్లు తాగినవాళ్లకు కల్లు. ఆశపడి దక్కనిది ఏదైనా ఉంటే అది కూడా పెట్టాలంటారు. వెంకటనర్సయ్యకు ఇది మొదటి పెత్రమాస.

హాస్టల్లో ఉండి రీసెర్చి చేసే అమల అప్పుడే ఫోన్ చూపించింది. ప్రొఫెసర్ సారు పోయిన తర్వాత తార్నాకలో ఆయన ఫ్లాట్ ఖాళీ చేస్తూ కొడుకు కృష్ణ క్యాంపస్ వాట్సాప్ గ్రూపులో సామాన్లు అమ్మకానికి పెట్టాడు. సోఫాలు, పుస్తకాల బీరువా, వాటి కింద ఫోటోతో సహా సీలు తీయని ఫ్రెంచి షాంపేన్. సారు పేరు చదవగానే స్వరూపకు నాయన ముచ్చట గుర్తొచ్చింది. నాయన చేతికొచ్చి నోటికందని సీసాకు ఇది జోడీ.

"దిమాక్ ఖరాబైందా అక్కా?" అన్నాడు వారాసిగూడలో ఉండే తమ్ముడు కమలాకర్ ఫోన్‌లో. "వైన్స్‌ల నుంచి బీరు తెచ్చి గ్లాసుల పోద్దాం. గదీ పొంగుతది. కాకికేం ఎరుక?"

"కాకికి గాదురా పెట్టేది, నాయినకు" అని ఫోన్ పెట్టేసింది.

ఆమె ధీమా ఒక్కటే. పాతబడ్డకొద్దీ బియ్యానికి విలువ, చింతపండుకు విలువ, ఇక షాంపేన్‌కు వేరే చెప్పాలా? అమల మాత్రం తల అడ్డంగా ఊపింది. "బియ్యం అనుకోకు అక్కా, కల్లు అనుకో. పొంగు పోతే ఏం మిగుల్తది? చల్లగ, చీకట్ల, అడ్డంగ పండవెట్టి కాపాడితేనే పాతదానికి రేటు. నిలవెడితే బిరడా ఎండి గాలి పోతది. ఏడ పెట్టిండ్రో, ఏడిదాంక నిండుగున్నదో చూసి తీసుకో."

ఆదివారం పొద్దున స్వరూప ఆ ఫ్లాటుకు పోయింది. కృష్ణ తలుపు తీశాడు. లోపల సోఫాలో ప్రొఫెసర్ గారి భార్య శ్యామలాంబ కూర్చుని ఉంది. స్వరూప ఎందుకొచ్చిందో, ఎవరి బిడ్డో చెప్పింది.

"మన నర్సయ్య కూతురివా!" అని శ్యామలాంబ ముఖం విప్పారింది. "మా ఇంట్లో ఏ ఫంక్షనైనా వచ్చి వడ్డించేవాడమ్మా. సార్ ఒక్క కేకేస్తే చాలు, డ్యూటీ దిగి పరిగెత్తుకొచ్చేవాడు. ఎంత మంచివాడో!"

మంచివాడు కాక ఏమవుతాడు, పైసా అడగలేదు కదా! ఆ ఫంక్షన్ల రోజుల్లో ఇంట్లో పిల్లలు నాయన కోసం చూసి చూసి నిద్రపోయేవాళ్లు. స్వరూప ఆ మాట పంటి బిగువున ఆపుకుంది.

సీసా అద్దాల బీరువాలో, మెమెంటోల నడుమ నిటారుగా నిలబడి ఉంది. ఎదురుగా కిటికీ. ఎండ నేరుగా దానిమీదే పడుతోంది.

"ఎప్పటి సంది ఈడున్నదమ్మా?"

"వచ్చినప్పటి నుంచీ అక్కడే. ఇంటికొచ్చిన వాళ్లందరికీ కనబడాలని సార్ అక్కడే పెట్టారు. ఎవర్నీ ముట్టనిచ్చేవారు కాదు."

తాగలేదు, తాగనివ్వలేదు, చివరికి ఎండకు పెట్టి చంపారు. స్వరూప సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. మెడంతా ఖాళీ. బిరడా చుట్టూ జిగట కారి ఎండిపోయింది.

"ఇది పోయింది సార్" అంది.

కృష్ణ వంగి చూసి చిన్నగా నవ్వాడు. "పోతే మాత్రం ఏమైందండీ? మీరు తాగడానికి కాదు కదా, పోయినవాళ్ల ముందు పెట్టడానికే కదా. ఆయనొచ్చి టేస్ట్ బాగాలేదని కంప్లయింట్ చెయ్యరుగా. సరే, సగానికి తీసుకోండి."

ఒక్క క్షణం స్వరూప మనసు నిజంగానే ఊగింది. సగం ధరకు ఇస్తే సగం భారం తగ్గినట్టే. ఫోటో ముందు పెడితే లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? జోడీ సీసా నాయనకు దక్కిందన్న తృప్తి మిగులుతుంది. అంతలో "ఎట్లయినా ఉడికేదే కదా" అన్న గొంతే ఇక్కడా వినబడింది. సీసాను బల్ల మీద పెట్టేసింది.

"బతికున్నప్పుడు మంచిది మా నాయినకు పడదన్నరు. సచ్చినంక పాడైంది పడ్తదంటున్నరు. మీ ఇంట్ల మా నాయిన మనిషయ్యేది ఎప్పుడు సార్?"

కృష్ణకు అర్థం కాలేదు. తల్లి వైపు చూశాడు. శ్యామలాంబకు అర్థమైంది. ఆ రోజు విందులో ఆమె కూడా ఉంది.

"నేనూ నవ్వానమ్మా ఆ రోజు" అంది నేల చూస్తూ.

స్వరూప చెప్పులేసుకుని మెట్లు దిగింది.

పెత్రమాస నాడు వారాసిగూడ డాబా మీద కమలాకర్ కొత్త సీసా బిరడా లాగాడు. దుకాణంలో అడిగి తెచ్చిన ఈ ఏటి సరుకు, షాంపేన్ తీరుగా మన దేశంలో చేసిందే. బిరడా ఎగిరి పక్కింటి నీళ్ల ట్యాంకుకు తగిలింది. స్వరూప మొదటి గ్లాసు అంచుదాకా నింపి విస్తరి పక్కన, నాయన ఫోటో ముందు పెట్టింది. ఆయన తిన్నాడనుకునేంత సేపు ఆగి, కాకికి పెట్టి, మిగిలింది రివాజు ప్రకారం ఇద్దరూ పంచుకున్నారు.

ఒక గుక్క తాగి కమలాకర్ మొహం చిట్లించాడు. "గింతేనా అక్కా? పులిసిన గోలీసోడ లెక్కున్నది."

స్వరూప కూడా తాగి చూసింది. నాలుక మీద చురుక్కుమంది, పుల్లగా గొంతు దిగిపోయింది. అంతే, ఇంకేమీ లేదు. నాయన నవ్వుతూ చెప్పిన ప్రతిసారీ ఆమె ఏడుపు మింగింది. ఇప్పుడు కోపంతో కళ్లు నిండాయి.

"గింతేరా" అంది. "గీ పుల్లటి నీళ్లే, మన నాయినకు పడవన్నరు."