తెల్ల చీరకు క్రీమ్ జాకెట్టు

అబిడ్స్‌లోని ఒక మ్యాచింగ్ సెంటర్‌లో ఇరవై రెండేళ్లుగా జాకెట్టు ముక్కలు కోసి ఇస్తున్నాను. చీర చూపిస్తే చాలు, సరైన రంగు గుడ్డ తాను దించుతానని నాకు పేరు. కొంచెం పొగరు కూడా ఉండేది. ఒకరోజు ఒకామె నేనిచ్చిన ముక్కను చీరతో సహా తిరిగి తెచ్చింది.

"అక్కా, తెల్ల చీరకు క్రీమ్ ఇచ్చినవేంది? జర వెలుతురుల చూడు."

రెండూ గుమ్మంలోకి పట్టుకెళ్లి చూశాను. నాకు ఒకే రంగులా ఉన్నాయి. దుకాణంలో తక్కినవాళ్లు మాత్రం ఆమె చెప్పిందే నిజమన్నారు. ముక్క మార్చి ఇవ్వమని పక్కామెకు అందించాను.

తర్వాత రెండు నెలలు దాచాను. నేవీ బ్లూకూ నలుపుకూ తేడా తెలియకపోతే, ఏ అరలో ఏది ఉందో గుర్తుపెట్టుకుని తీసేదాన్ని. సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగితే ఎదురు లైట్లకు కళ్లు చెదిరేవి. కొత్త అద్దాలు చేయించుకున్నా లాభం లేకపోయింది. మా దుకాణం సేట్‌కు తెలిస్తే నన్ను దారాలు, బటన్ల కౌంటర్‌కు మారుస్తాడని భయం. రంగులు తప్ప నాకు వేరే పని రాదు.

చివరికి మా ఆయన నర్సింహ పట్టుబట్టి నాంపల్లిలోని కంటి దవాఖానకు తీసుకెళ్లాడు. చుక్కలు వేసి, స్లిట్ ల్యాంప్ మిషను దగ్గర కూర్చోబెట్టి చూశారు.

"రెండు కళ్లలోనూ న్యూక్లియర్ కాటరాక్ట్, అంటే శుక్లం ఉందమ్మా. మీ లెన్స్ పసుపుపచ్చగా మారింది. ఆపరేషన్ చేసి కొత్త లెన్స్ పెడతాం," అన్నారు డాక్టరుగారు.

"రంగులు మళ్లీ తెలుస్తాయా సార్?"

"రెటీనా బాగుంటే తెలుస్తాయి. స్కాన్ చేసి చూద్దాం."

స్కాన్ రిపోర్టు బాగానే ఉందన్నారు. అయినా నా గుబులు తగ్గలేదు. ముందు కుడి కంటికి ఫేకో ఆపరేషన్ చేశారు. "కదలకండి, పైన లైటే చూడండి," అంటుంటే, ఇదే నేను చూసే చివరి వెలుతురేమో అనిపించింది.

మర్నాడు కట్టు విప్పారు. ఎదురుగా గోడ తెల్లగా ఉంది. ఆ కన్ను మూసి రెండో కంటితో చూస్తే అదే గోడ టీ మరకలా కనిపించింది. ఏడుపు ఆగలేదు.

ఇంటికెళ్లి నా తెల్ల చీర తీశాను. దాని మీదికి నేనే ఏరి కుట్టించుకున్న జాకెట్టు క్రీమ్ రంగుది. రెండేళ్లుగా అలాగే కట్టుకుని తిరుగుతున్నాను.

"నీకు కనబడలేదా?" అని మా ఆయన్ని అడిగాను.

"కనబడ్డది. ఊరందరికి రంగులు చెప్పేదానివి, నీకు నేనేం చెప్త?"

ఆయన మీద మండిపోయాను. నా తప్పు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ ఇవ్వలేదన్న సంగతి తర్వాత తట్టింది.

ఆగలేక ఆరో రోజే దుకాణానికి వెళ్లాను. దుమ్ములోకి వెళ్లొద్దని డాక్టరుగారన్న మాట గుర్తుండి కూడా, అలవాటు కొద్దీ కొత్త తాను దించి అరచేత్తో చరిచాను. గంజి పొడి ముఖాన కొట్టింది. సాయంత్రానికి కన్ను ఎర్రబడింది, చూపు మసకేసింది.

"కంట్లో వాపు, ఇన్‌ఫ్లమేషన్ వచ్చింది. షాపు ముఖ్యమా, కన్ను ముఖ్యమా?" అని డాక్టరుగారు కోప్పడి స్టెరాయిడ్ చుక్కలు పెంచారు. పది రోజులు రోజూ పొద్దున్నే ఆ చీర, జాకెట్టు పక్కపక్కన పెట్టుకుని, తేడా తెలుస్తోందా అని చూసేదాన్ని. నాలుగో రోజు వరకూ తెలియలేదు. చచ్చేంత భయపడ్డాను. తర్వాత మెల్లగా క్రీమ్ విడిగా కనిపించింది.

రెండో కంటికి ఆపరేషన్ చేయించుకునే ముందు సేట్‌కు అంతా చెప్పేశాను.

"నాలుగైదు ముక్కలు వాపస్ వచ్చినయమ్మా," అన్నాడాయన. "నువ్విచ్చినవని తెలిసి, కస్టమర్లకే కనబడతలేదనుకున్న."

ఇప్పుడు రెండు కళ్లూ బాగున్నాయి, నా అరల దగ్గరే ఉన్నాను. మీకు చెప్పేది ఒకటే. నెలకోసారి ఒక్కో కన్నూ మూసి తెల్లబట్ట చూడండి. తేడా అనిపిస్తే దాచకుండా డాక్టరుకు చూపించుకోండి.

నిన్న పనికి బయల్దేరుతుంటే మా ఆయన, "గా జాకెట్టు జర తేడా ఉన్నట్టున్నది," అన్నాడు. గుమ్మంలోకి వెళ్లి ఒక్కో కన్నూ మూసి చూశాను. రెండు కళ్లకూ చీర, జాకెట్టు ఒకే రంగులో ఉన్నాయి. అయినా, ఎప్పుడు అనిపించినా ఇలాగే చెప్పమన్నాను.