రేకు గోడ వెనక సౌభాగ్యం

ఏ. పళ్లిపట్టి ఊరి కూడలిలో నంజప్ప షెడ్డుకు వచ్చే పాత కార్ల జబ్బు కనిపెట్టేది అతని తమ్ముడి భార్య సౌభాగ్యం. ఈ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఊళ్లో ఎవరికీ తెలియదు. ఎవరైనా బండి తెచ్చారంటే ఆమె షెడ్డుకూ వంటింటికీ మధ్యనున్న రేకు గోడ వెనక్కి వెళ్లిపోవాలి. నంజప్ప ఇంజను స్టార్టు చేసి, నీళ్లు తాగే వంకతో లోపలికి వచ్చేవాడు. ఆమె సంగటి కెలుకుతూనే వాల్వు అనో, బెల్టు అనో చెప్పేది. అతను మూతి తుడుచుకుంటూ బయటికెళ్లి ఆ మాటే తన మాటగా చెప్పేవాడు. పైగా ఆ షెడ్డులో ఒక ఆచారం. పొద్దున మగవాడు కర్పూరం వెలిగించి స్పానరు పట్టాలి. అంతకుముందు ఆడది ముట్టుకుంటే ఆ రోజు పని అచ్చిరాదట. పెళ్లయి వచ్చిన నాటి నుంచి సౌభాగ్యం నోరు మెదపకుండా ఇదంతా భరించింది. కూలి లేదు, పేరు లేదు. ఇంటి వ్యాపారం అని ముద్దుగా పిలుచుకుంటాం గానీ, ఇది పచ్చి దోపిడీ.

2007లో పదో తరగతి పరీక్షలు మొదలైన రోజు పొద్దున ఆదిమూలం తన ఓమ్ని వ్యాను తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఎన్ని చేతులు మారిందో తెలియని ఆ వ్యానును అతను ఆ మధ్యనే కొన్నాడు. లోపల అతని కూతురు నందిత, కొండకింది ఊరి ఆడపిల్లలు ఇంకొందరు, ఒళ్లో పరీక్ష అట్టలు. పది గంటలకు వాళ్లు పాపిరెడ్డిపట్టిలో ఉండాలి. టౌను బస్సు అప్పటికే వెళ్లిపోయింది. ఇంజను టకటకమని కొట్టుకుంటోంది. లోపలి బేరింగు పోయి ఉంటే ఇంకాస్త దూరం నడిపినా ఇంజను బిగుసుకుపోయి ఆగిపోతుంది, పిల్లలు నడిరోడ్డు మీద మిగిలిపోతారు.

నంజప్ప సామాన్ల కోసం తెల్లవారకముందే అరూరు వెళ్లాడు. బావ లేడని సౌభాగ్యం గోడ వెనక నుంచే చెప్పింది. అంతలో నందిత ఏడుపు వినబడింది. ఆమె బయటికి వచ్చేసింది.

"అన్న లేకుంటే ఎవురు చూస్తారక్కా?" అన్నాడు ఆదిమూలం.

"నేను చూస్తాను. సీటు ఎత్తు."

ఆదిమూలం ఆమెను ఎగాదిగా చూశాడు. "వండి సత్తం నీకేం తెలుసు?" బండి చప్పుడు ఆడదానికేం తెలుస్తుందని అతని అనుమానం.

"పోయినేడు నీ టెంపోకు గేరు పోయిందని చెప్పింది ఎవురనుకున్నావు? మా బావనా?"

అతను సీటు ఎత్తాడు. ఓమ్నికి ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. మూత తీయగానే చప్పుడు ఆమె మొహాన కొట్టింది. అంత పెద్ద చప్పుడును అంత దగ్గర నుంచి ఆమె ఎన్నడూ విన్నది కాదు. బేరింగేనని అనేసింది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఆదిమూలం నెత్తి పట్టుకున్నాడు.

కానీ ఆమెకే ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. ఇంజను ఆపొద్దని అరిచి లోపలికి పరిగెత్తింది. భయపడి పారిపోయిందనుకున్నాడు ఆదిమూలం. ఆమె వెళ్లింది రేకు గోడ వెనక, రోజూ నిలబడే చోటికి. ఇన్నేళ్లుగా ఆమె చెవి ఇంజన్లను నేర్చుకున్నదే ఆ రేకు ఇవతల నుంచి. సన్న చప్పుళ్లు అక్కడే ఆగిపోతాయి, లావు చప్పుళ్లే దాటి వస్తాయి. బేరింగు పోయిన ఇంజను దెబ్బ ఆ గోడను దాటి అరికాళ్లకు తగలాలి. ఊపిరి బిగబట్టి నిలబడింది. తగల్లేదు!

సంగటి కట్టె పట్టుకుని ఒక్క ఉరుకున వచ్చింది. దాని ఒక కొన ఇంజను మీద, రెండో కొన చెవి వెనక ఎముక మీద ఆనించి, ఒక్కో చోటే వింటూ పోయింది. పిల్లలు ఏడుపు మాని ఆమె చుట్టూ మూగారు. నీళ్ల పంపు దగ్గర కట్టె జివ్వుమంది, ఆమె పళ్లు కూడా అదిరాయి.

"నీళ్ల పంపు అరిగిపోయింది. లోపల ఇంజను బాగానే ఉంది."

"ఇందాక బేరింగంటివి, ఇప్పుడు పంపంటావు. దేన్ని నమ్మేది?"

నమ్మించాలంటే పంపును తిప్పే బెల్టు తీసి చూపించాలి. అంటే స్పానరు పట్టాలి. షెడ్డులో ఆ రోజు కర్పూరం వెలగలేదు. సౌభాగ్యం ఒక్క క్షణం ఆగింది, స్పానరు తీసుకుంది. బెల్టు జారగానే స్టార్టు చెయ్యమంది. టకటక మాయం! ఇంజను మెత్తగా తిరుగుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. వేడెక్కక ముందే ఆపించి, పంపు మీద బరువు తగ్గేలా బెల్టును కాస్త వదులుగా బిగించింది, రేడియేటరు నింపింది, ఒక బిందె నీళ్లు వ్యాన్లో పెట్టించింది. మెల్లగా పోతే పాపిరెడ్డిపట్టి చేరుతుందని చెప్పింది.

"నువ్వూ రాక్కా," అన్నాడు ఆదిమూలం. "దారిలో సత్తం మారితే నాకేం తెలుస్తుంది?"

పొయ్యి మీది సంగటి దించి ఆమె ఎక్కింది. దారంతా కట్టె చెవి నుంచి తీయలేదు. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాడతను, పొమ్మంటే పోయాడు. పిల్లలు బడి గేటు దాటుతుండగా గంట మోగింది.

మధ్యాహ్నం తిరిగొచ్చిన నంజప్ప అడిగింది ఒక్కటే, కర్పూరం వెలిగించకుండా ఎట్లా ముట్టినావని.

"పిలకాయలు పరీక్ష రాసినారు కద బావా," అంది సౌభాగ్యం.

అతను ఆచారం మార్చలేదు. మర్నాడు ఎవరో కారు తెస్తే ఆమె మళ్లీ లోపలికే వెళ్లింది. ఆదిమూలం మాత్రం అప్పటి నుంచి ఆమె బయటికి వస్తేనే సీటు ఎత్తుతాడు. కొత్త పంపు వేయించిన రోజు కూడా, అక్క చెప్పనీ అన్నా అని నంజప్ప మొహం మీదే అని, వ్యాను తాళం చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఆమె రాక తప్పలేదు.

మీరు చెయ్యవలసిందీ అదే. షెడ్డుకైనా, కొట్టుకైనా, మిల్లుకైనా వెళ్లినప్పుడు ఈ పని తెలిసినవాళ్లు లోపల ఎవరున్నారని అడగండి. ఆమె వచ్చేదాకా మీ బండి తాళం ఇవ్వకండి. వచ్చాక పేరు అడిగి, ఆ పేరుతో పిలవండి. కూలి ఆమె చేతికే ఇవ్వండి.