ఒక్క బిందువు చాలన్న పాఠం

మొన్న మా మనవరాలు ఫోన్‌లో లెక్కల పాఠం వింటోంది. "గీత గీశాక ఒక వైపు నుంచి ఒక్క బిందువు తీసుకుని అసమీకరణంలో వేసి చూడండి. సరిపోతే ఆ వైపంతా షేడ్ చేసెయ్యండి, మిగతావి చూడక్కర్లేదు" అంటున్నాడు అందులో కుర్రాడు. నేను లేచి వెళ్లి ఫోన్ కట్టేశాను. పిల్ల మూతి ముడుచుకుంది. నాకు మాత్రం నిజంగానే ఒళ్లు మండింది.

ఆ పాఠం నాకు నేర్పింది మా మేనత్త. సత్తెనపల్లి దగ్గర మా ఊరి హైస్కూల్లో లెక్కల టీచరు. భర్త పోయాడు, పిల్లల్లేరు. సాయంత్రాలు అరుగు మీద గ్రాఫు కాగితాలు పరిచి, తప్పు వైపు షేడ్ చేసినవాడి చెవి మెలిపెట్టేది. శిష్యుల్లో ఒకడంటే ఆమెకు ప్రాణం. వాడు గీత గీస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదట. ఊరిని నిలువునా చీల్చుకుంటూ పోయే రోడ్డుకి తూర్పున ఒక వర్గం, పడమట ఇంకో వర్గం. అత్తయ్య ఇల్లు పడమట, వాడిది తూర్పు. ఓటు ఎవరికి వేసేదో ఆమె నాక్కూడా ఎప్పుడూ చెప్పలేదు.

పంచాయతీ ఎన్నికల్లో తూర్పువాళ్లు ఓడిపోయిన మర్నాడు నేను అత్తయ్య ఇంట్లోనే ఉన్నాను. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు. పొద్దున తొమ్మిదింటికి కర్రలు, గొడ్డళ్లు పట్టుకుని నలభై మంది రోడ్డు దాటారు. మొదటి ఇంటాయన్ని బయటికి లాగి, ఓటెవరికేశావని అడిగారు. ఆయన నిజం చెప్పాడు. తల పగలగొట్టారు. ఆ తరవాత ఎవర్నీ ఏమీ అడగలేదు. వరసగా తలుపులు నరుక్కుంటూ వచ్చారు. పక్షవాతంతో పడుకున్న ముసలాయన్ని మంచంతో సహా తిరగేశారు, అడ్డొచ్చిన కోడల్ని జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చారు.

మా గుమ్మం ముందుకొచ్చినవాడు ఆ శిష్యుడే. అప్పటికి పాతికేళ్లుంటాయి. అత్తయ్య అడ్డంగా నిలబడి, "ఏరా, నన్నేమన్నా అడిగావా?" అంది.

"అడగాల్సిన పన్లేదు టీచరుగారూ. ఒక్కటి చూస్తే చాలని మీరే చెప్పారుగా."

వెటకారం లేదు, పాఠం అప్పజెప్పినట్టే అన్నాడు. అని, గొడ్డలి తిరగేసి కొట్టాడు. ఆమె కుడిచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినపడింది.

ఇంకా ఏమయ్యేదోగానీ, వాళ్లలో ఎవడో తెలివైనవాడు పడమటి కల్లంలో మిరపకాయల కుప్పకి నిప్పంటించాడు. గాలి ఎటుందో చూసుకోలేదు. ఆ ఘాటు రోడ్డు దాటి తూర్పు ఇళ్లల్లోకీ దూరింది. కొట్టేవాళ్లూ కొట్టించుకునేవాళ్లూ కలిసి దగ్గుతూ, కళ్లు కనపడక గోడలు తడుముకుంటూ పరిగెత్తారు. మా ఊళ్లో ఆ రోజు శాంతి అలా నెలకొంది.

చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు. ఎడంచేత్తో గీసే గీతలు వంకరపోయేవి. ఆ పాఠం వచ్చినప్పుడు మాత్రం పిల్లలచేత ఒక్కో వైపు పదేసి బిందువులు వేయించి చూపించేది. వాళ్లు లోపల్లోపల తిట్టుకునేవాళ్లు. మార్కులకి ఒక్కటి చాలు కదా అత్తయ్యా అన్నాను ఒకసారి.

"లెక్కకి చాలే. ఎక్కడ చాలదో వాడికి చెప్పకుండానే బళ్లోంచి పంపించేశాను" అంది.

వాడి మీద పెట్టాల్సిన కేసు తన మీద పెట్టుకుంది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అత్తయ్య పోయి ఆరేళ్లయింది. ఎన్నికలు వచ్చి పోతూనే ఉన్నాయి. ఇన్నేళ్లలో మా ఊళ్లో రెండో ఇంటి తలుపు తట్టి అడిగినవాడు మాత్రం ఒక్కడూ పుట్టలేదు.