మమతారాణి మస్కట్ డైరీ

చొప్పదండి పక్క ఊరోడైన సదానందం ఐటీఐ చదివి మస్కట్ పోయిండు. కరెంటు పనిల సూపర్‌వైజర్ దాక ఎదిగినంక కంపెనీ వాళ్లు ఫ్యామిలీ వీసా ఇచ్చిండ్రు. భార్య బాలలక్ష్మిని, తొమ్మిదేండ్ల బిడ్డ మమతారాణిని తోలుకపోయిండు. మస్కట్‌లనే రువీ అనే కాడ చిన్న ఫ్లాటు దొరికింది. మమతను ఇండియన్ స్కూల్ల ఏసిండు. తమ్ముడు శ్యాంసుందర్ ఆడనే పుట్టిండు, అక్క కంటె పన్నెండేండ్లు చిన్న.

బాలలక్ష్మికి పిల్లలు తనను ‘అవ్వా’ అని పిలిస్తే ఇష్టం. వాళ్ల ఊర్ల కన్నతల్లిని గట్లనే పిలుస్తరు. మస్కట్ పోయిన ఏడాదికే మమత ‘మమ్మీ’ అనుడు షురూ చేసింది. బడిల దోస్తులు నవ్వుతరని ఆమె ఫికర్.

పదిహేనో ఏట మమత డైరీ రాసింది. బాపు కంపెనీల పంచిన డైరీ అది, అట్ట మీద బంగారు రంగు అరబ్బీ అక్షరాలు. క్లాసుల ఆడపిల్లలందరు రాస్తున్నరని ఈమె గూడ రాసింది, ఇంగ్లీషుల, ఏడాది పొడుగు. ఆ మరుసటేడు ఎండకాలంల ఒకనాడు పొద్దుగాల బాలలక్ష్మి చాయ్ పెడుతూ వంటింట్లనే కూలిపోయింది. తలల నరం చిట్లిందన్నరు దవాఖానల. రెండు దినాలకు పాణం పోయింది.

శవపెట్టెతోపాటు ముగ్గురు ఇండియాకు వచ్చిండ్రు. దినాలు కాంగనే సదానందం మళ్ల మస్కట్ పోయిండు, పోకుంటే ఇల్లు గడవది. పిల్లలను కరీంనగర్‌ల బాలలక్ష్మి అక్క దేవవ్వ సాదింది. పేరుకు పెద్దమ్మ సాదింది గని శ్యామ్‌కు తానం పోసింది, అన్నం తినిపించింది, బడికి తయారు చేసింది మమతనే. పోరడు అవ్వ కావాలని ఏడ్చినప్పుడల్లా ఆమె ఒక్కటే మాట చెప్పేది.

“అవ్వ సంగతులన్నీ నా డైరీల రాసి పెట్టిన. నువ్వు పెద్దోడివైనంక చదివి ఇనిపిస్త.”

ఆ మాటతోని పోరడు ఊకునేటోడు. ఆ మాట ఆమెను గూడ నిలబెట్టింది. పెద్దగైనంక అవ్వను ఒక్కనాడన్న నోరార అవ్వా అని పిలవలే గని, రాసి అయితే పెట్టుకున్న గదా అనుకునేది. డైరీని మాత్రం ఒక్కసారి గూడ తెరవలే. మస్కట్ నుంచి తెచ్చిన సూట్‌కేసుల అడుగున ఉండె. తెరిస్తే ఏడుపొస్తదని భయం.

ఏండ్లు గడిచినయి. మమత కరీంనగర్‌లనే ఒక ప్రైవేటు బడిల ఇంగ్లీషు టీచరైంది. మస్కట్ చదువు అట్ల పనికొచ్చింది. మోటార్ల దుకాణం నడిపే సుధాకర్‌తోని పెండ్లైంది. శ్యామ్ చదువుకొని బ్యాంకుల కొలువు తెచ్చుకున్నడు, సుల్తానాబాద్‌ల కాపురం. పోయిన ఏడాది శ్యామ్‌కు, భార్య తిరుమలకు ఆడపిల్ల పుట్టింది.

ఇరవై ఒకటో దినం తొట్టెల ఏసిండ్రు. తిరుమల వాళ్ల అవ్వ తొట్టెల ఊపుకుంట పాడుతుంటె శ్యామ్ గోడకు ఆనుకొని చూస్తుండె. అందరు బువ్వకు లేచినంక అక్క పక్కన కూసున్నడు.

“అక్కా, అవ్వ నాకు పాడేదా?”

“పాడేది. రోజు పాడేది.”

“ఏం పాట?”

మమతకు వెంటనే నోట్లకు రాలే. “ఇప్పుడు యాదికి వస్తలేదురా. డైరీల చూసి చెప్త.”

“ఇప్పుడు పెద్దోణ్నే అయిన గదా, ఇగ చదువు” అని నవ్విండు శ్యామ్.

ఆ ఆదివారం మమత సూట్‌కేసు దించి డైరీ తీసింది. మంచం మీద కూసోని మొదటి పేజీ నుంచి చదువుడు షురూ చేసింది.

నిండ లీనా అనే మలయాళీ పోరితోని కొట్లాట, మళ్ల దోస్తానా. లెక్కల్ల ఎన్ని మార్కులొచ్చినయి, ఎవరికన్న ఎన్ని తక్కువొచ్చినయి. కొనియ్యని బూట్లు. సముద్రం ఒడ్డుకు పిక్నిక్. అవ్వ కోసం చూస్కుంట పేజీలు తిప్పింది. అవ్వ ఉన్నది. ‘మమ్మీ తిట్టింది.’ ‘మమ్మీ మళ్ల పప్పే వండింది.’ ‘మమ్మీ టీవీ బందు చేసింది.’ ఏడాది మొత్తంల అవ్వ నోటి మాట ఒక్కటన్న రాయలే. ఏ చీర కట్టేది, ఎట్ల నవ్వేది, పొద్దంత ఆ ఫ్లాటుల ఒక్కతే ఏం చేసేది, ఒక్క ముక్క లేదు.

నవంబరుల ఒకచోట ఇట్లున్నది. ‘మమ్మీకి మళ్ల తలనొప్పట. తలనొప్పి నాటకం. శ్యామ్‌ను నేనే చూసుకోవాల్సి వచ్చింది. డాన్సు రిహార్సల్ పోయింది. ఐ హేట్ దిస్ హౌస్.’

మమత చాలసేపు ఆ పేజీ తిప్పలే. పొయ్యి మీద పెట్టిన పాలు పొంగిన వాసనొచ్చినా లేవలే.

ఇంక నాలుగు పేజీలైనంక పాట దొరికింది. ‘మమ్మీ శ్యామ్‌కు అదే ఊరి పాట పాడుతున్నది. రోజూ అదే. చదువుకోనియ్యదు. తలుపేసుకున్న.’

గంతే. ఏం పాటనో రాయలే. కండ్లు మూసుకొని మస్తు కోషిష్ చేసింది. తెల్ల రంగేసిన తలుపు యాదికొచ్చింది. అవుతల నుంచి సన్నగ ఒక గొంతు వినపడ్డట్టే ఉన్నది గని, మాటలు రాలే.

మస్కట్ ఇడిసి వచ్చి చొప్పదండిల ఉంటున్న బాపుకు ఫోన్ చేసింది. “నేను డ్యూటీకి పోయేటాళ్లకు వాడు లేవకపోయేది, వచ్చేటాళ్లకు పండుకునేది బిడ్డా. నాకేం ఎరుక?” అన్నడు సదానందం. పెద్దమ్మను అడిగింది. “నాట్లేసేటప్పుడు మస్తు పాడేది మీ అవ్వ. గన్ని పాటల్ల ఏదని చెప్పాలె?” అన్నది దేవవ్వ.

మరుసటి ఆదివారం మమత డైరీ సంచిల ఏసుకొని సుల్తానాబాద్ బస్సెక్కింది. లేదని చెప్పాలనే పోయింది. పోయేసరికి శ్యామ్ బిడ్డను ఒళ్లె పెట్టుకొని, చాప పరిచి, తిరుమలను గూడ పిలిచి కూసోబెట్టిండు. చిన్నప్పుడు కథ వినెటానికి కూసున్నట్టే కూసున్నడు. మమత డైరీ తెరిచింది. నవంబరు పేజీలను దాటేసి ఎక్కడనో ఆగి, ఇంగ్లీషును తెలుగుల చెప్తున్నట్టు చదివింది.

“ఇయ్యాల అవ్వ తమ్ముణ్ని భుజాన ఏసుకొని బాల్కనీల తిరుక్కుంట పాడింది. నేను గూడ పక్కకు పోయి నిలబడ్డ. వాడు నిద్రపోయినా అవ్వ పాట ఆపలే...”

ఏం పాటని శ్యామ్ అడిగితె, ఊరూర తల్లులు పాడే జోలపాట ఒకటి చెప్పింది. శ్యామ్ కండ్ల నీళ్లు కారినయి. తుడుసుకోలే. ఆ సాయంత్రమే బిడ్డకు ఆ పాట పాడిండు, సుతి లేకుంట. మమత ఆఖరి బస్సుకు ఎల్లొచ్చింది.

నెల దాటింది. ఒకనాడు ఆమె బడి నుంచి వచ్చేసరికి సుధాకర్ చెప్పిండు. “శ్యామ్ వచ్చిండు మధ్యాహ్నం. గా పాట పేజీ జిరాక్స్ తీసి ఫ్రేము కట్టిస్తడట. డైరీ ఇచ్చి పంపిన.”

మమత చెప్పులు విప్పకుంటనే ఫోన్ చేసింది. శ్యామ్ ఎత్తలే. మరునాడు గూడ ఎత్తలే. నాలుగో నాడు తనే బండి మీద వచ్చి, డైరీ టీపాయ్ మీద పెట్టి నిలబడ్డడు. కూసోమంటే కూసోలే.

“నువ్వు చదివింది ఇందుల ఒక్క ముక్క గూడ లేదక్కా.”

“లేదురా.”

“మరెందుకు చదివినవ్?”

“నువ్వు పిల్లను పెట్టుకొని గట్ల కూసున్నవ్. లేదని ఎట్ల చెప్పాలె నేను?”

“తలనొప్పి నాటకం అని రాసినవ్.”

మమత తల ఒంచుకున్నది.

“గప్పుడు నువ్వు చిన్నపిల్లవు, దానికి నాకు కోపం లేదు” అన్నడు శ్యామ్. “నాకు అవ్వ మొకం గూడ ఫోటోలనే ఎరుక. నువ్వేం చెప్తే గదే నాకు అవ్వ. అవ్వ నన్ను బంగారీ అనేదన్నవ్. ఖర్జూరం గింజ తీసి పెట్టేదన్నవ్. వాన పడితె ఊరు యాదికొచ్చి ఏడ్చేదన్నవ్. గయన్నీ నిజమేనా? గవి గూడ గిట్లనే చదివినవా?”

మమత నిజం చెప్పాలనే చూసింది. ఖర్జూరం సంగతి నిజం, అది ఖాయం. బంగారీ అన్నది అవ్వనా, లేకుంటె పోరడు ఏడుస్తుంటె తానే కల్పించిందా? ఇన్నేండ్లు చెప్పీ చెప్పీ, ఆమెకు గూడ అన్నీ కండ్లార చూసినట్టే అయినయి.

“నాకే తెలుస్తలేదు శ్యామ్” అన్నది.

శ్యామ్ గుమ్మం దాటిండు. బండి తీసుకొని పోయిండు. అటెన్క చాన్నాళ్లు ఫోన్లన్నీ తిరుమలే చేసింది. వాళ్లాయన ఇప్పుడు బిడ్డకు పాడుతలేడని, సెల్లుల ఏదో పాట పెట్టి పండబెడుతుండని ఒకసారి చెప్పింది.

పాపకు అన్నం ముట్టించే నాడు శ్యామ్ తనే ఫోన్ చేసి రమ్మన్నడు. మమత పోయింది. ఇద్దరు మామూలుగనే మాట్లాడుకున్నరు, ఎండల గురించి, సుధాకర్ దుకాణం గురించి. పాప ముందట బంతిపువ్వు, పుస్తకం, ఉంగరం పెట్టిండ్రు. అది ఎడమ చెయ్యి చాపి పువ్వును పట్టుకున్నది. కుడి చేతికి మార్చబోతె మళ్ల ఎడమ చేతికే తీసుకున్నది.

“అన్నిటికి ఎడమ చెయ్యే దీనికి” అన్నది తిరుమల. “మా దిక్కు ఎవ్వలకు లేదు.”

శ్యామ్ అక్క దిక్కు తిరిగిండు. అడగాల్నా వద్దా అన్నట్టు పాప ఎడమ చెయ్యి నిమిరిండు.

“అవ్వది గూడ ఎడమ చెయ్యి వాటమేనా అక్కా?”

అవునని చెప్పుడు ఎంతసేపు? నోటి దాక వచ్చింది. అవ్వ కూరగాయలు కోస్తుంటె, జడేస్తుంటె, గిన్నె దించుతుంటె మనసుల చూసెటందుకు ఎంతగనమో ప్రయత్నం చేసింది మమత. చెయ్యి కనవడలే.

“యాదికి లేదురా” అన్నది.

“సరే తియ్యి” అని శ్యామ్ వంగి, పాప మూతికంటిన పాయసం తుడిచిండు.