మిగిలిన పక్కటెముక

ఎముకలమ్మ అన్న పేరు ఆమెకు సంఘంలో ఎవరు పెట్టారో తెలియదు గానీ, బాగా అతికింది. ఎదురుపడితే "అక్కగారూ, వందనాలు" అంటారు. నాలుగడుగులు దాటగానే ఎముకలమ్మ. ఆమెకు ఆ సంగతి తెలుసు, తెలిసీ ఏమీ అనదు. మ్యూజియం వెనక గదిలో ముప్పై రెండేళ్లుగా చచ్చిన జీవాల ఎముకలు కడిగి, ఆరబెట్టి, ఇత్తడి తీగతో కూర్చి నిలబెట్టే మనిషిని లోకం పూలమ్మ అంటుందా మరి?

ఆ గదిలో ఒక పొడుగాటి బల్ల, రెండు నీళ్ల తొట్లు, చేతి డ్రిల్లు, తీగ చుట్టలు, ఎముక మీద నంబరు వేసే సన్నటి కలం. వాసనకు జడిసి ఎవరూ లోపలికి రారు. పై అంతస్తు అధికారులు ఏదైనా చెప్పాలంటే గుమ్మంలో నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చెప్పి పోతారు. మధ్యాహ్నం ఆమె డబ్బా విప్పుకునేది సగం కూర్చిన డాల్ఫిన్ ఎదురుగా. "ఇవాళ ఎండ మండిపోతోంది" అంటే అది కాదనదు. కొత్త పెట్టె తెరిచే ముందు మాత్రం కళ్లు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేస్తుంది. ఆయన చేసినదాన్ని ముట్టుకునే ముందు ఆయన్ని అడగాలి కదా అంటుంది. నిజం చెప్పాలంటే, పగలంతా ఆమె నోరు విప్పి మాట్లాడేది ఎక్కువగా దేవుడితోనే.

ఇంట్లో మాట్లాడటానికి గువ్వ ఉండేది. గువ్వ ఆమె చెల్లెలి కూతురు. నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తల్లి పోయింది. తండ్రి మందుల కంపెనీ తరఫున ఊరూరా తిరిగే మనిషి. తిరిగి తిరిగి ఒక ఊళ్లో ఆగి, అక్కడే మళ్లీ పెళ్లి చేసుకుని, ఇక ఇటు తిరగడం మానేశాడు. పిల్లను పెద్దమ్మ తెచ్చుకుంది. ఆమెకూ సంబంధాలు రాకపోలేదు. "ఆ పిల్లను కూడా వెంటేసుకుని వస్తావా?" అని అడిగిన ఒకాయనకు, "వెంట కాదండీ, నా ముందు నడుస్తుంది" అని జవాబిచ్చింది. ఆ సంబంధం అక్కడే ఆగింది. తర్వాత వచ్చినవాళ్లు అడిగే దాకా కూడా రాలేదు.

ఆ గువ్వకు ఇప్పుడు పెళ్లి కుదిరింది. అబ్బాయి కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్షించే ఉద్యోగి, మెత్తటి మనిషి. వాళ్ల నాన్న వేరే సంఘంలో పెద్ద. ఇరవై ఏళ్లుగా అక్కడి పిల్లలకు ఆదివారం పాఠాలు చెప్పేది ఆయనే. పెళ్లి వాళ్ల మందిరంలోనే అన్నారు. గువ్వ ఒక రూళ్ల నోటుపుస్తకం తెచ్చి, ఏ పాటలు పాడాలి, వాక్యం ఎవరు చదవాలి, ముందు వరుసలో ఎవరు కూర్చోవాలి అని పేజీలు పేజీలు రాసింది. అన్నిటికంటే పైన ఒక వరుస: "నన్ను నడిపించేది: పెద్దమ్మ." గుమ్మం దగ్గర నుంచి పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించి, "ఇచ్చేది ఎవరు?" అని పాస్టరుగారు అడిగితే "నేను" అనాల్సింది తండ్రి. ఆ చోట గువ్వ తన పేరు రాసిందని చూసి, ఎముకలమ్మ ఆ పూట రెండుసార్లు నోటుపుస్తకం పోయిందన్న వంకతో వెతికి మళ్లీ చదువుకుంది. యాభై నాలుగేళ్ల మనిషి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నెమ్మదిగా నడిచి చూసుకుంది కూడా. ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది.

అంతా బాగానే ఉండగా, ఆమె నోరు ఆమె కొంప ముంచింది.

అబ్బాయి ఇంట్లో భోజనానికి పిలిచారు. పదిమంది ఉన్న బల్ల దగ్గర కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు. ఒంటరి మనుషుల దగ్గర ఒకే ఒక మంచి కథ ఉంటుంది. మనుషులు దొరికితే దాన్ని బయటికి తీయకుండా ఉండలేరు. అందరూ చల్లగా, ఆప్యాయంగా ఉన్నారు కదా అని ఆమె తన కథ చెప్పింది.

"పనిలో చేరిన మొదటి నెలలో, వైద్య కళాశాల కోసం ఒక మగమనిషి అస్థిపంజరం కూర్చమన్నారండీ. నాకేమో చిన్నప్పట్నుంచీ ఆదివారం బడిలో చెప్పారు కదా, మొదటి మనిషి పక్కటెముక తీసి దేవుడు స్త్రీని చేశాడు కాబట్టి మగవాళ్లకు ఒకటి తక్కువ ఉంటుందని. సరేనని కుడివైపు పన్నెండు, ఎడమవైపు పదకొండు కూర్చేశాను. ఒకటి మిగిలిపోయింది. ఇదెవరిదో పొరపాటున కలిసిందనుకుని కవర్లో పెట్టి, 'ఎక్కువ వచ్చినది' అని రాసి పెద్ద మేస్త్రీకి ఇచ్చాను!"

ఆమె నవ్వింది. పెళ్లికొడుకు కూడా నవ్వబోయి, తండ్రి ముఖం చూసి నీళ్లు తాగాడు.

"ఆయన తిట్టలేదండీ," అందామె, ఆగడం తెలియక. "ఆడమనిషిదీ మగమనిషిదీ పక్కపక్కన పెట్టి లెక్కపెట్టుకోమన్నాడు. ఇద్దరికీ పన్నెండు జతలే. 'చెయ్యి తెగినవాడికి పుట్టే కొడుకు చెయ్యి లేకుండా పుడతాడా పిచ్చిపిల్లా?' అన్నాడు. ఆ తర్వాత ఎన్ని చూశానో! గబ్బిలం రెక్క విప్పితే అయిదు వేళ్లు, డాల్ఫిన్ తెడ్డు విప్పితే అయిదు వేళ్లు, మనకీ అవే. అన్నిటినీ ఒక్క చెయ్యే పిసికిందని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. మనకూ వాటికీ ఏదో చుట్టరికం పెట్టే చేశాడు ఆయన."

వియ్యపురాలు లేచి గిన్నెలు సర్దింది. దారిలో గువ్వ తల పట్టుకుని, "పెద్దమ్మా, ఆ పక్కటెముక పాఠం మామయ్యగారు ప్రతి ఏడూ పిల్లలకు చెప్తారు. మొన్ననే చెప్పారు" అంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు గానీ, ఉన్నమాట ఎక్కడ అనాలో తెలియకపోవడం కూడా ఒక జబ్బే.

వారం తిరక్కుండా వియ్యంకుడు తనే ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక కాగితం. ఆయన్ని దుర్మార్గుడిగా చూపిస్తే కథ సులువవుతుంది, కానీ ఆయన అలాంటివాడు కాదు. కుర్చీ అంచు మీద కూర్చుని, టీ చల్లారేదాకా పట్టుకుని, "చెల్లెమ్మా, ఆ మాట నేను వందలమంది పిల్లలకు చెప్పానమ్మా. ఇప్పుడు వాళ్ల ముందే నువ్వు నడిచి వస్తే నేనేమని చెప్పుకోవాలి?" అన్నాడు. వాళ్ల మందిరంలో ఆరాధనలో పాలు పంచుకునేవాళ్లు ఎవరైనా విశ్వాసపు ఒప్పుకోలు మీద సంతకం పెట్టాలని పాత నియమం ఉందట. ఇన్నేళ్లూ పెట్టెలో పడి ఉన్న నియమాన్ని ఇప్పుడు బయటికి తీశారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నవాడు నాలుగో కాలు చూపించినవాళ్లను ఊరికే వదలడు కదా.

కాగితంలో ఏడు మాటలున్నాయి. దేవుడు ఒక్కడే, ఆయన కుమారుడు మన కోసం చనిపోయి లేచాడు, పాపక్షమాపణ ఉంది... వీటిని చదువుతుంటే ఆమె కళ్లు చెమర్చాయి, అంత గట్టిగా నమ్ముతుంది. ఆరో మాట దగ్గర ఆగింది. మనిషి ఒక్క రోజున, ఒక్క ముద్దగా, మట్టి నుంచి చేయబడ్డాడనీ, అతనికి ఏ జంతువుతోనూ ఏ సంబంధమూ లేదనీ, ఇందుకు విరుద్ధమైనది ఏదీ తాను చూడలేదనీ, చెప్పననీ ఉంది. "చెప్పను" అన్నది ఫర్వాలేదు. ఆమె చెప్పడానికి ఎవరున్నారు గనక. "చూడలేదు" అన్నదే మింగుడు పడలేదు.

"ఒక్క సంతకమే కదా పెద్దమ్మా," అంది గువ్వ ఆ సాయంత్రం. "నీ మనసులో ఏముందో దేవుడికి తెలీదా?"

"తెలుసు. అందుకే పెట్టలేకపోతున్నా."

"వాళ్ల కోసం వద్దు. నా కోసం పెట్టు."

"నీ కోసం ఏదైనా ఇస్తానే. కానీ ఆయన మందిరంలో నిలబడి, ఆయన చేసిందాన్ని నేను చూడలేదని ఎలా రాయను? రోజూ నా చేతుల్లో పెడుతున్నాడే!"

"అయితే నాకంటే నీకు ఆ ఎముకలే ఎక్కువ."

ఆ మాట అన్నాక గువ్వ కూడా భయపడింది. వెనక్కి తీసుకోవాలనుకుంది, చేతకాలేదు. అత్తవారింట్లో అడుగు పెట్టకముందే మామగారితో తగువుతో మొదలుపెట్టడం ఏ పిల్లకు ఇష్టం? ఆమె తప్పు కూడా ఏమీ లేదు.

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఎముకలమ్మను అడిగింది ఒక్కటే అబద్ధం, ఆడాల్సింది కూడా నోటితో కాదు, కలంతో. ఆచారం ప్రకారం మూడు ఆదివారాలు మందిరంలో పెళ్లి ప్రకటన చదివారు. ప్రతి ఆదివారం ఇంటికి వచ్చి ఆమె ఆ కాగితాన్ని బల్ల మీద పరచుకుని కూర్చుంది. ఇది విశ్వాసమా, మొండితనమా అని తనను తనే నిలదీసుకుంది. దేవుణ్ణి అడిగింది. ఎప్పుడూ ఏదో ఒకటి తోచేలా చేసే దేవుడు ఈసారి ఉలకలేదు, పలకలేదు. వాళ్ల పాస్టరుగారిని అడుగుదామంటే ఆయన కూడా సంతకం పెట్టినవాడే. తోటి ఉద్యోగులకు చెబితే, "ఇంకా అలాంటివాళ్లున్నారా?" అని దేవుణ్ణి కూడా కలిపి నవ్వుతారు. ఇటు మందిరంలో ఎముకల సంగతి మాట్లాడకూడదు, అటు మ్యూజియంలో ప్రార్థన సంగతి మాట్లాడకూడదు. ఇంత పెద్ద ఊళ్లో ఈ రెండూ ఒకే గుండెలో పెట్టుకుని తిరిగేది తనొక్కతేనా అని ఆమెకు ఏడుపొచ్చింది. డాల్ఫిన్ ఎదురుగా కూర్చుని కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, దాని తోక ఎముకలకు నంబర్లు వేసింది.

మూడో సోమవారం కాగితాన్ని మడిచి, సంతకం లేకుండానే, "క్షమించండి అన్నయ్యగారూ" అని చీటీ పెట్టి పంపించేసింది.

గువ్వ రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత తండ్రికి ఫోన్ చేసింది. ఆయన వచ్చాడు. ఎంతైనా కన్నవాడు, పిలిస్తే రాడా అని సంఘంలో అందరూ మెచ్చుకున్నారు. వియ్యంకుడు కాగితం అందిస్తే, "ఎక్కడండీ, ఇక్కడేనా?" అని అడిగి, చదవకుండానే సంతకం గీకేసి, కలం జేబులో పెట్టుకుని, నాలిక్కరుచుకుని మళ్లీ తిరిగి ఇచ్చేశాడు. ఏడు మాటల్లో ఆయన ఎన్ని నమ్ముతాడో ఎవరూ అడగలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎముకలమ్మకు మండలేదు. నోటుపుస్తకంలో తన పేరు కొట్టేసి పైన "నాన్న" అని రాసి ఉండటం చూసి, కొట్టేసిన గీత సన్నగానే ఉందని తృప్తి పడింది.

పెళ్లి ముందు రోజు మధ్యాహ్నం మందిరంలో ఒకసారి నడిచి చూసుకోవాలన్నారు. గువ్వ పక్క గదిలో స్టూలు మీద నిలబడి ఉంది. టైలరమ్మ గౌను అంచుకు పిన్నులు పెడుతోంది, కదలడానికి లేదు. అక్కడి నుంచే తలుపు సందులోంచి తండ్రి నడక చూసి కంగారు పడింది. జీవితమంతా బస్సులు అందుకున్న మనిషి, మందిరంలో కూడా బస్సు అందుకునేవాడిలాగే నడుస్తున్నాడు.

"పెద్దమ్మా!" అని పిలిచింది. "నాన్నకు నువ్వు చూపిస్తావా? నా బదులు నువ్వు పట్టుకుని నడువు."

ఏ నోటితో అడిగిందని అనుకుంటాం. కానీ చిన్నప్పటి నుంచి ఏది పాడైనా బాగుచేసి పెట్టింది ఆ పెద్దమ్మే, ఇంకెవరిని అడుగుతుంది?

ఎముకలమ్మ గుమ్మం దగ్గరికి వెళ్లి మరిది పక్కన నిలబడింది. "చెయ్యి ఇలా మడవండి మరిదిగారూ. బిగించకండి. ఎడమ కాలు వేసి, ఆగి, కుడి కాలు. పిల్లకు గౌను కాళ్లకు అడ్డం పడుతుంది, మీరే చూసుకోవాలి."

"అలాగే వదినా," అన్నాడు. ఆయనకు చెమటలు పడుతున్నాయి.

ఖాళీ బెంచీల మధ్య ఇద్దరూ నడిచారు. పెళ్లే కాని మనిషి, పెళ్లికూతురి చోట, చచ్చిపోయిన చెల్లెలి మొగుడి చెయ్యి పట్టుకుని నడిచింది. ముందు వరుసలో కుర్చీలు సర్దుతున్న వియ్యంకుడు పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. అడుగు అడుగుకూ ఆమె లోపల లెక్కపెట్టుకుంటోంది, ఆయన తడబడకుండా. చివరకు పాస్టరుగారి ముందు ఆగారు. ఆయన అలవాటైన గొంతుతో అడిగాడు.

"ఈ కన్యను వివాహానికి ఇచ్చేది ఎవరు?"

మరిది దిక్కులు చూశాడు. తను ఏదో అనాలని తెలుసు గానీ, ఏమనాలో గుర్తు రాలేదు.

"నేను," అంది ఎముకలమ్మ.

అనాలని అనలేదు. నెలరోజులుగా లోపల అనుకుంటున్న మాట, అడగ్గానే వచ్చేసింది. వియ్యంకుడు చేతిలోని కుర్చీని చప్పుడు కాకుండా కింద పెట్టాడు. పక్క గదిలోంచి గువ్వ ఏడుపు వినిపించింది. కదలకమ్మా, పిన్నులు గుచ్చుకుంటాయి అని టైలరమ్మ బతిమాలుతోంది.

పాస్టరుగారు తల దించుకుని మెల్లగా అన్నాడు. "రేపు ఆ మాట ఆయన అనాలమ్మా."

"తెలుసండీ," అంది ఆమె. మరిది వైపు తిరిగింది. "విన్నారుగా? అయ్యగారు 'ఎవరు' అన్నాక మనసులో ఒకటి, రెండు అనుకోండి. తర్వాత అనండి. గట్టిగా అనాలి, పిల్లకు వినపడాలి."

మళ్లీ ఆయన చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా వెనక్కి తీసుకువెళ్లింది. "పదండి, మొదటి నుంచి."