వంతెనను పేరడిగిన సారథి

బండ్రి హులిగెప్పకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊళ్లో అందరూ అంటారు. శుద్ధ తప్పు. ముక్కు మీది కోపం ఒక్క తుమ్ముతో పోతుంది. హులిగెప్పది కడుపులో కాపురమున్న కోపం. ఎర్రధూళి మింగి, జొన్నరొట్టె తిని, ఆయనతో పాటే అది కూడా పెరిగి పెద్దదైంది. ఆయనకిప్పుడు యాభై దాటింది. జుట్టు నెరిసింది కానీ దానికి మాత్రం ఒక్క వెంట్రుకా నెరవలేదు.

మీసాలు రాకముందే తండ్రి వెంట గనికి పోయాడు. ఇనుపరాయిని సుత్తితో పగలగొట్టి, తట్టకెత్తి, లారీకి మోయడం పని. యంత్రాలొచ్చి సుత్తులను ఇంటికి పంపాయి. తరవాత గనులే కొన్నేళ్లు మూతపడ్డాయి. మళ్లీ తెరిచాక యశ్వంతనగర్ దగ్గరి యార్డులో నిండు లారీల మీదికెక్కి టార్పాలిన్ పరిచి తాళ్లు బిగించే పని దొరికింది. అక్కడ మేస్త్రీలు మనిషిని పేరు పెట్టి పిలవరు. "ఏయ్ టార్పల్" అంటారు. అలా పిలిస్తే హులిగెప్ప తిరిగి చూడడు. లారీ హారన్ కొట్టినా సరే, కొండ విరిగి పడినా సరే, పేరు వినబడేదాకా తాడు పట్టుకుని అలాగే నిలబడతాడు. దీనివల్ల ఆయనకు పని పోయిన సందర్భాలున్నాయి. పోయిన ప్రతిసారీ ఇంట్లో భార్య కెంచమ్మ పొయ్యి ముందు కూర్చుని, "కోపానికి కూడు పెట్టేదెవరయ్యా, నీ కోపమా నేనా" అని అడిగేది. పత్తి చేలకు కూలికి పోయి ఆ కూడు పెట్టింది కూడా ఆమే.

ఇంత కోపిష్ఠిని ఊరు ఎందుకు భరించిందంటే, ఆయన సారథి కాబట్టి. మా దిక్కు బయలాటలో, అంటే వీధినాటకంలో, రాజు ఎంత గొప్పవాడైనా, రాక్షసుడు ఎంత ఎగిరినా, సారథి అడగనిదే నోరు విప్పడానికి లేదు. వేషగాడు గజ్జెలు మోగించుకుంటూ వచ్చి నిలబడతాడు. సారథి ఎదురుపోయి మూడు ప్రశ్నలు వేస్తాడు. నీ పేరేంది, నీ ఊరేంది, ఎవరు పంపితే వచ్చినావు. సగం కన్నడం, సగం తెలుగు. వచ్చినవాడు జవాబు చెప్పాకనే వాడు ధర్మరాజో దుర్యోధనుడో అవుతాడు. అంతవరకూ వాడు రంగు పూసుకున్న మా ఊరివాడే. అడగకముందే తన పేరు తాను చెప్పుకున్న వేషగాడు ఊళ్లో మళ్లీ తలెత్తుకోలేడు. పగలంతా "ఏయ్" అనిపించుకున్న మనిషి, ఆట రోజు రాజులను నిలబెట్టి పేరడుగుతాడు. ఆ ఒక్క రోజు కోసమే హులిగెప్ప మిగతా రోజులు బతికాడంటే అబద్ధం కాదు.

ఇక మరమనుషుల సంగతి. లోడింగ్ జోరుగా ఉన్న కాలంలో బళ్లారి కౌల్ బజారులో ఒక పాత టీవీ గేమ్ కొనుక్కొచ్చాడు కూతురు భూమిక కోసం. దాంతో పాటు ఒకే ఆటకు చెందిన భాగాల క్యాసెట్లు కొన్ని. కథానాయకుడు ఒక మరపిల్లగాడు. మా బండ్రి ఊరి పిల్లలంతా వాణ్ణి ఉక్కోడు అన్నారు. ఉక్కోడు ఎగురుతాడు, కాలుస్తాడు, గెలుస్తాడు. భూమికకు వాడి మీద పెద్ద ప్రేమ లేదు. వాడి వెనక వచ్చే మరలంటే ప్రాణం. చీకటి సొరంగంలో ముందు నడిచే దీపం మర ఒకటి. విరిగిన చేతులు అతికించే ముసలి మర ఒకటి. గుంత అడ్డమొస్తే బోర్లా పడుకుని వీపు మీద ఉక్కోణ్ణి నడిపించే మర ఇంకొకటి. తెర మీద అక్షరాలు ఏ దేశానివో, ఆ ముగ్గురి పేర్లు ఎవరికీ తెలియలేదు. భూమికే పెట్టింది, దివిటి, మరమ్మతవ్వ, వంతెన అని. ఉక్కోడు దాటగానే వంతెన విరిగి గుంతలో పడిపోయేది. తరవాతి భాగంలో మళ్లీ వచ్చి కిక్కురుమనకుండా పడుకునేది.

ఒకసారి హులిగెప్ప పని నుంచి వచ్చి అది చూశాడు. చూసి ఆ బొమ్మ మీద కూడా కోపం తెచ్చుకున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనన్నాడు. అది ఒక్కసారైనా లేచి వాణ్ణి నిలదీయదేమని కూతుర్ని అడిగాడు. దానికి మాటలు పెట్టలేదు నాయనా అంది భూమిక. ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. బొమ్మ కోసం పస్తుండే మొగుణ్ణి ఇదే చూడటం అని కెంచమ్మ వాడంతా చెప్పుకుని నవ్వింది.

భూమిక ఇప్పుడు సండూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఈ ఏడు జాతర ఆటకు ఏం కట్టాలని ఊరు కూర్చున్నప్పుడు, కుర్రకారంతా పాండవుల కథ వద్దన్నారు. అందరూ ఆ గేమ్ ఆడి పెరిగినవాళ్లే. ఉక్కోడి ఆట కడదామన్నారు. హార్మోనియం వాయించి ఆట నేర్పే కొట్రేశ్ మేష్ట్రు ముందు నోరెళ్లబెట్టి, తరవాత సరేనన్నాడు. రాసింది భూమిక. అచ్చం బయలాట పద్ధతిలోనే, పద్యాలతో, దరువులతో రాసింది. ఒక్కటే మార్చింది. వెనక వచ్చే ముగ్గురికీ మాటలు పెట్టింది. వంతెన వేషం తానే వేస్తానంది. పంక్చర్ షాపు హనుమేశ్ దివిటి. పాత లోడరు హొన్నూరుస్వామి, పళ్లు ఊడిన నోటితోనే, మరమ్మతవ్వ. అభ్యాసం మొదలైన వారం హులిగెప్ప యార్డులో ఎవరి మీదా అరవలేదు. మనిషికి జ్వరమేమోనని తోటివాళ్లు అనుమానపడ్డారు.

ఉక్కోడి వేషం తిరుమలేశ్‌ది. యార్డు ఓనరు కొడుకు. నాయక వేషం కట్టినవాడు స్టేజీ, మైకు, దీపాల ఖర్చు భరించడం మా ఊరి ఆనవాయితీ. తిరుమలేశ్ ధారాళంగా భరించాడు. బళ్లారి నుంచి పొగ వదిలే మిషను, మనిషెత్తు స్పీకర్లు తెప్పించాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రవాడు, గొంతు కూడా బాగుంటుంది. ఒక్కటే లోపం, తన పక్కన ఇంకొకడు నిలబడితే స్టేజీ ఇరుకైపోయినట్టు ఉంటుంది అతనికి.

మొదట దివిటి పాట పోయింది. పాట వస్తే కొట్లాట ఆలస్యమవుతుందట. తరవాత దివిటే పోయింది, లైట్లు ఉండగా దీపం ఎందుకని. మరమ్మతవ్వను చూస్తే పిల్లలు నవ్వుతారని హొన్నూరుస్వామిని ఇంటికి పంపారు. ఆ ముసలాయన రంగు కడుక్కునే పని కూడా లేకుండా, వచ్చినదారినే పోయాడు. ప్రతి కోతకూ కొట్రేశ్ మేష్ట్రు గంగిరెద్దులా తలూపాడు. హులిగెప్ప పళ్లు కొరుక్కున్నాడు. కూతురు ఆయన చెయ్యి నొక్కి, గమ్మునుండమని, వంతెన ఉండాది కదా అని చెప్పింది.

జాతర ముందురోజు వంతెన మాటలు కూడా పోయాయి. అందరి ముందే చెప్పాడు తిరుమలేశ్, ఫోను చూసుకుంటూ.

"వంతెన సుమ్నే, ఊరికే పండుకునుంటే చాలు. నేను దాటిపోతా. సైడు వేషాలకు పేర్లెందుకు హులిగెప్పా? నన్నొక్కణ్ణే అడుగు. అది కూడా పేరు ఒక్కటి అడిగితే చాలు, నా జవాబు రికార్డు చేయించినా, స్పీకర్లో వస్తాది."

భూమిక ముఖం చిన్నబోయింది. ఆమె రాసిన ఉక్కోడి ఆఖరి జవాబు కూడా ఆ దెబ్బతో ఎగిరిపోయింది. ఎవరు పంపితే వచ్చినావని సారథి అడిగితే, ఉక్కోడు ఆ ముగ్గురి పేర్లూ చెప్పి తలవంచాలి. ఆట మొత్తం ఆ మాట కోసమే రాసింది ఆమె.

హులిగెప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చి గొడ్డలి వెతికాడని వాడలో చెప్పుకుంటారు, అది నిజం కాదు. చెంబెడు నీళ్లు తాగి, నువ్వు ఆ వేషం కట్టేది లేదని కూతురితో అన్నాడు. ఓనరు కొడుకు బూట్లతో నీ వీపు మీద నడవడానికి నిన్ను కనలేదన్నాడు. తన వీపు మీద ఈ జిల్లా ఇనుమంతా నడిచిందని, అది చాలని, ఇంకా చాలా అన్నాడు.

భూమిక అంతా విని, వేషం కడతానంది. రాసింది తనని, కట్టకపోతే ఆ వంతెన స్థలంలో చెక్కబల్ల వేస్తారని, అప్పుడు అసలే ఏమీ మిగలదని అంది. ఆమె గొంతులోనూ ఆయన కోపమే ఉంది. చదువుకున్న కోపం కాబట్టి అరవదు, అంతే తేడా. కెంచమ్మ ఇద్దరినీ చూసి, ఒక ఇంట్లో రెండు పొయ్యిలు మండుతున్నాయని, తనను మాత్రం కట్టెలు అడగవద్దని చెప్పి పడుకుంది.

ఇప్పుడు మైకులకు రాత్రి అనుమతి లేదు. ఆట మధ్యాహ్నమే, షామియానా కింద. ఊరు ఊరంతా వచ్చింది. ముందు వరసలో తిరుమలేశ్ తండ్రి, ఆయన స్నేహితులు, ప్లాస్టిక్ కుర్చీలు. వెనక నేల మీద పరిచిన పట్టాల మీద జనం. వాళ్లలో హనుమేశ్, హొన్నూరుస్వామి, చేతులు కట్టుకుని. స్టేజీ మధ్యలో నూనెడబ్బాల రేకు కింద, బోర్లా, భూమిక. దూరం నుంచి చూస్తే ఎవరో పారేసిన పాత ఇనుము అనుకుంటారు.

పొగ లేచింది. తిరుమలేశ్ వెండిరంగు బట్టల్లో గంతులేస్తూ వచ్చి, కాలు విసిరి నిలబడ్డాడు. ఈలలు మోగాయి. సారథి ఎదురుపోవాలి. హులిగెప్ప చేతిలో మైకు పట్టుకుని నడిచాడు. ఉక్కోడి ముందుకు వచ్చాడు, ఆగలేదు. అతన్ని దాటుకుని పోయి రేకు పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎన్నేళ్లుగానో మింగిన కోపం ఒక్కసారిగా చేతిలోకి దిగితే మైకు కూడా బరువైంది.

"ఈడ పండుకున్నదెవరమ్మా? నీ పేరేంది? నీ ఊరేంది? ఎవరు పంపితే వచ్చినావు?"

హార్మోనియం ఆగిపోయింది. రేకులోంచి భూమిక తల బయటికొచ్చింది. ముందు తండ్రి ముఖం చూసింది, తరవాత జనాన్ని.

"నా పేరు వంతెన. నా ఊరు గుంత. చీకట్లో దారి చూపిన దివిటి, విరిగితే అతికించిన మరమ్మతవ్వ, వాళ్లు పంపితే వచ్చినా."

వెనక పట్టాల మీద హొన్నూరుస్వామి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. పక్కన హనుమేశ్ కూడా లేచాడు. అడ్డం నిలబడ్డారని వెనకవాళ్లు విసుక్కోవలసింది, ఎవరూ విసుక్కోలేదు.

తిరుమలేశ్ పొగలో నిలబడే ఉన్నాడు. నన్నడుగు, నన్నడుగు అని పళ్ల సందులోంచి అన్నాడు. హులిగెప్ప అటు తిరగలేదు. ముందు వరసలో తిరుమలేశ్ తండ్రి గొంతు సవరించుకున్నాడు. ఇక ఆగలేక తిరుమలేశ్ తన మెడలోని మైకులోనే చెప్పేశాడు.

"నేను ఉక్కోణ్ణి."

"నిన్నెవరడిగినారప్పా?" అన్నాడు హులిగెప్ప.

ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు మొదలై షామియానా అంతా పాకింది. కొట్రేశ్ మేష్ట్రు తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. రేపటి నుంచి యార్డులో పని ఉండదని హులిగెప్పకు ఆ నవ్వులోనే తెలిసింది. ఉండకపోతే పోనీ అనుకున్నాడు.

భూమిక మాత్రం నవ్వలేదు. "నాయనా, ఆట నిలబడిపోయింది. అడుగు అతన్ని" అంది, ఆయనకు మాత్రమే వినబడేలా. ఆట ఆమెది మరి. ఆయన నోరు తెరిచాడు. ఎందరెందరినో అడిగిన మూడు ప్రశ్నల్లో ఒక్కటీ రాలేదు.

అప్పుడు వంతెన లేచింది. రేకులు చప్పుడు చేసుకుంటూ నిటారుగా నిలబడి, తండ్రి చేతిలోంచి మైకు తీసుకుని ఉక్కోడి ఎదుటికి పోయింది.

"నీ పేరేందప్పా?"

స్పీకర్లు దద్దరిల్లాయి. ఉక్కోడు, ఉక్కోడు అని మూడుసార్లు మోగి ఊరుకున్నాయి.

"ఎవరు పంపితే వచ్చినావు?"

స్పీకర్లలో ఏమీ లేదు. ఆ జవాబును అతనే కొట్టేయించాడు కదా. తిరుమలేశ్ మేష్ట్రు వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు. జనం చూస్తున్నారు. ముఖం మీది వెండిరంగు చెమటకు కారుతోంది. మాట మరిచిన వేషగాడికి వెనక నుంచి మాట అందివ్వడం సారథి ధర్మం. పగవాడికైనా అందివ్వాలి. తిరుమలేశ్ ఆఖరికి ఆయన వైపే తిరిగాడు.

"అందియ్యి నాయనా" అంది భూమిక.

హులిగెప్పకు ఆ జవాబు పొల్లుపోకుండా కంఠతా వచ్చు. కూతురు రాసిన రోజే నేర్చుకున్నాడు. నేల మీద కూర్చునే అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు, పళ్లు బిగించి, నోరు మూసుకున్నాడు.