టకటక మేస్త్రి ఎర్రదీపం

మా తోడల్లుడి ఇంట్లో స్నానానికి వెళ్లినవాడు ఏడు నిమిషాల్లో బయటపడాలి. ఏడో నిమిషం నిండగానే గోడలో ఎక్కడో టక్‌మంటుంది, దీపం ఆరిపోతుంది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో తలకూ మొహానికీ సబ్బు పట్టించి ఉండగా ఉన్నట్టుండి లోకం చీకటైపోయింది. కళ్లే పోయాయనుకుని "చచ్చాను బాబోయ్" అని నేను పెట్టిన కేకకు అత్తగారితో సహా ఇంటిల్లిపాదీ తలుపు దగ్గర చేరారు.

"ఏం లేదు తమ్ముడూ, తలుపు గడియ ఒక్కసారి తీసి మళ్లీ వెయ్యి. దీపం అదే వస్తుంది," అన్నాడు బయటినుంచి మా తోడల్లుడు, నింపాదిగా.

అత్తగారు అవతల నిలబడి ఉండగా గడియ తీయమంటాడేమిటి ఈ మనిషి! నేను తీయలేదు. చీకట్లోనే నాలుగు చెంబులు పోసుకుని, చొక్కా తిరగేసి తొడుక్కుని బయటికొచ్చాను.

"నాకు సరిగ్గా ఏడు నిమిషాలు పడుతుందయ్యా. అందరికీ అంతేననుకున్నాను," అని ఆయన నొచ్చుకున్నాడు.

వీధిలో ఆయన్ని టకటక మేస్త్రి అనేవారు. ముప్ఫై ఏళ్లు లిఫ్టులు బాగుచేశాడు. ఆ రోజుల్లో లిఫ్టుకు మెదడంటే మేడమీద గదిలో ఒక ఇనప బీరువా, దాన్నిండా వరసలు వరసలుగా రిలేలు. రిలే అంటే మరేం లేదు, బొటనవేలంత తీగచుట్ట. దానికి కాస్త కరెంటు తగిలితే అయస్కాంతమై ఒక రేకును టక్‌మని లాగుతుంది. ఆ రేకు పోయి పెద్ద కరెంటుకు దారి కలుపుతుంది. చుట్టకు కరెంటు ఆగితే స్ప్రింగు రేకును వెనక్కి లాగేస్తుంది. "స్విచ్చు వెయ్యడానికి నువ్వు లేవక్కర్లేదు, నీ బదులు అది లేస్తుంది," అని చెప్పేవాడాయన. తర్వాత బీరువాలు పోయి అరచేయంత బోర్డులొచ్చాయి. పాత రిలేలు తుక్కులో పడేస్తుంటే చూడలేక గోనెసంచుల్లో ఇంటికి మోసుకొచ్చాడు.

ఇక ఆ ఇంట్లో ఏ పనికీ మనిషి చెయ్యి అక్కర్లేకపోయింది. తొట్టి నిండితే మోటారు తనంతట తనే ఆగేది. వంటగది తలుపు తీస్తే దీపం వెలిగేది. ఇస్త్రీపెట్టెను మరిచిపోతే అదే చల్లారేది. ఒక్కోదానికి ఒక్కో టక్కు.

"ఈ ఇంట్లో అన్నీ ఈయన మాట టక్కున వింటాయి మరిదీ, ఈయనొక్కడే నా మాట వినడు," అనేది మా వదిన. వదినంటే మా ఆవిడకు అక్క. పిల్లల్లేరు వాళ్లకు. నవ్వితే ఇల్లంతా వినిపించేలా నవ్వేది. ఆ నవ్వు కరిగి దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారు డాక్టర్లు. చివరి రెండేళ్లూ మంచం, ముక్కులో గొట్టం, పక్కగదిలో ఆక్సిజన్ మిషను.

మిషను రొద, వేడి ఆమెకు పడవని పక్కగదిలో పెట్టి గోడకు కన్నం వేసి గొట్టం ఇవతలికి తెచ్చాడు. మిషను ఆగితే పావుగంటలో వదిన ప్రాణానికి గండం. మా ఊళ్లో కరెంటు రోజుకు రెండుమూడు సార్లు పోయేది. అందుకని ఆయన తన సంచుల్లోంచి అన్నిటికన్నా పెద్ద రిలే తీశాడు. కరెంటు ఉన్నంతసేపూ అది మిషనును కరెంటుకు కలిపి ఉంచుతుంది. పోగానే రేకు వెనక్కి పడి బ్యాటరీకి కలుపుతుంది. రెప్పపాటు కూడా పట్టదు. ఆ రెప్పపాటుకే మిషనులోని సైరను కుయ్యోమని అరిచేది, వదిన గుండె అదిరేది. "ఆ కూతకే పోయేలా ఉన్నానండీ," అని ఆమె అంటే సైరను తీగ కత్తిరించేశాడు. "టక్కు వినిపిస్తుందిగా, చాలు," అన్నాడు.

ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి. నాకు చెవులు సరిగా వినిపించవు. నలభయ్యో ఏటినుంచే మందగించాయి. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడక్కూడా. ఎదుటివాళ్లు నవ్వితే నవ్వేవాణ్ణి, తలూపితే తలూపేవాణ్ణి. పెదాలు చూసి సగం పట్టేవాణ్ణి, మిగతా సగానికి "అవునవును" అనేవాణ్ణి. ఇలా అవునవునంటూ ఒకసారి ఎవరి పెళ్లిలోనో వడ్డన బాధ్యతంతా నెత్తిన వేసుకున్నాను. నవ్వుకోవడానికి బాగానే ఉండేది.

వారానికి రెండు మధ్యాహ్నాలు నేను వదిన దగ్గర కూర్చునేవాణ్ణి, ఆయన బయటి పనులు చూసుకునేవాడు. మొదటిరోజే నన్ను ఆ పెద్ద రిలే బిగించిన బోర్డు దగ్గరికి తీసుకెళ్లాడు.

"తమ్ముడూ, కరెంటు పోగానే ఇది టక్‌మనాలి. అనకపోతే రేకు పడలేదన్నమాట. అప్పుడీ పిడి కిందికి లాగు. నేరుగా బ్యాటరీకి కలుస్తుంది. సరేనా? ఇదిగో, విను." బోర్డు వెనక చెయ్యి పెట్టి నా మొహంలోకి చూశాడు. "విన్నావా?"

"ఆఁ, విన్నానన్నయ్యా. బ్రహ్మాండంగా వినిపించింది."

ఆయన ఒక్క క్షణం అలాగే చూసి "మంచిది," అన్నాడు.

మళ్లీ నేను వెళ్లేసరికి వదిన మంచానికి ఎదురుగా, గొట్టం వచ్చే కన్నం పైన, గోడమీద ఒక ఎర్రదీపం ఉంది.

"కరెంటు పోతే ఇది వెలుగుతుంది. వెలిగిందంటే బ్యాటరీకి మారినట్టే. వెలక్కపోతే పిడి లాగు," అన్నాడు. ఎందుకు పెట్టాడో చెప్పలేదు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పటినుంచి కరెంటు పోయినప్పుడల్లా దీపం వెలిగేది, నేను "మారింది వదినా" అని ప్రకటించేవాణ్ణి. "ఏదో నువ్వే మార్చినట్టు!" అని ఆమె కళ్లతోనే వెక్కిరించేది.

ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆయన బోర్డు దగ్గర తల వంచి నిలబడి ఉన్నాడు.

"టక్కు మెత్తబడింది తమ్ముడూ. రెండ్రోజులుగా చూస్తున్నా. మిషను మోటారు ఎత్తుకునేటప్పుడు కరెంటు గట్టిగా లాగుతోంది, ఆ నిప్పురవ్వలకి రేకు మొన నల్లబడుతోంది. పెద్దది పట్టుకొస్తా. గంటలో వచ్చేస్తాను."

"వెళ్లండన్నయ్యా. నేనున్నాగా," అన్నాను. 

వదినా నేనూ గళ్లనుడికట్టు నింపుతున్నాం. ఆమె చెప్పడం, నేను రాయడం. మూడు గంటలప్పుడు ఫ్యాను ఆగింది. ఎర్రదీపం వెలిగింది. కిటికీ తెరలు వేసి ఉన్నాయి, గది మసకబారింది.

"మారింది వదినా," అన్నాను.

ఆమె ఏదో అంది. మసకలో పెదాలు కనిపించలేదు. నేను నవ్వి "అవునవును" అన్నాను.

మళ్లీ అంది. మళ్లీ తలూపాను. గళ్లలోకి తల దూర్చి, అడ్డం పద్నాలుగు ఏమై ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. పక్కగదిలో మిషను రొద ఆగిపోయిందని ఆ ఇంట్లో చెవులున్న ఎవరికైనా తెలుస్తుంది. ఆ రొద నాకు ఎప్పుడూ వినిపించనే లేదు, ఆగితే ఏం తెలుస్తుంది?

కాసేపటికి ఆమె చెయ్యి చాచి నా మోకాలి మీద కొట్టింది. తలెత్తాను. గోడవైపు చూపిస్తోంది. గోడమీద దీపం ఎర్రగా, నిక్షేపంగా వెలుగుతోంది.

"వెలుగుతోంది వదినా, ఏం భయం లేదు. మంచినీళ్లివ్వనా?" అన్నాను.

ఆమె నన్నొక చూపు చూసింది. కోపం కాదది. ఇరవై ఆరేళ్లుగా హాస్యాలాడిన మరిది ఇప్పుడు కూడా హాస్యమాడుతున్నాడా అన్నట్టు చూసింది. నేను లేచి గ్లాసులో నీళ్లు పోసి తెచ్చాను. తాగలేదు. గ్లాసు పట్టుకున్న ఆమె వేళ్ల గోళ్లు నేరేడుపండు రంగుకు తిరిగి ఉండటం అప్పుడు కనిపించింది. అప్పుడు కూడా నేను చూసింది ఆ దీపంవైపే.

మా తోడల్లుడు మెట్లమీదే కనిపెట్టాడట. సగం మెట్లెక్కేసరికి ఇంట్లోంచి రావాల్సిన రొద రావడం లేదు. చేతిలో కొత్త రిలే పెట్టె అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చాడు. నన్ను పక్కకు నెట్టి పిడి లాగాడు. తర్వాత వదిన తల ఒళ్లోకి తీసుకుని "పీల్చు, పీల్చమ్మా, వచ్చేసింది, వచ్చేసింది," అంటూ కూర్చున్నాడు. ఆ మాటలు నాకు వినిపించలేదు, ఆయన పెదాల్లో చదివాను.

పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి వదిన పోయింది. ఆ మధ్యాహ్నం వల్లనేనా అంటే డాక్టరు భుజాలెగరేశాడు. "ఊపిరితిత్తులు ఎప్పుడో అయిపోయాయి. ఇంకో నెలో, మూణ్ణెల్లో. చెప్పలేం," అన్నాడు. మూణ్ణెల్లంటే తొంభై రోజులు కదా అని నేను లెక్కపెట్టుకున్నాను.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ మా తోడల్లుడు ఒకటే చెప్పేవాడు. కాగితం వెనక పెన్సిలుతో గీసి మరీ చెప్పేవాడు.

"పెద్ద రిలే రేకు రవ్వలకి కరిగి అతుక్కుపోయిందండీ. కరెంటు పోయినా కింద పడలేదు. దీపం మరి ఎందుకు వెలిగిందంటారా, దానికి నేను వేరే చిన్న రిలే పెట్టాను. దాని రేకు పడింది, వెలిగింది. ఆ దీపాన్ని నేను మిషనుకెళ్లే తీగమీద పెట్టాల్సింది. తొందరలో సులువైన చోట పెట్టేశాను. లిఫ్టుల్లో చేరిన మొదటి నెల్లోనే మా పెద్దమేస్త్రి తిట్టి నేర్పిన పాఠమండీ ఇది. పని చెప్పిన చోట కాదురా, పని జరిగిన చోట దీపం పెట్టాలి అని. ముప్ఫై ఏళ్లు చేసి ఇంట్లో మరిచిపోయాను. తప్పు నాదే."

నేను పక్కన కుర్చీలో కూర్చుని ఉండేవాణ్ణి. వచ్చినవాళ్లు నావైపు జాలిగా చూసేవాళ్లు. పాపం, ఆయనేం చేస్తాడు, దీపం వెలిగిందాయె.

ఒక్క మా ఆవిడ మాత్రం ఇంటికొచ్చాక అడిగింది. "ఏవండీ, మిషను అంత రొద చేస్తుంది కదా. ఆగితే మీకు తెలీలేదా?"

"దీపం వెలిగింది కదే," అన్నాను.

ఆవిడ ఇంకేదో అంది. నేను మొహం అటు తిప్పుకున్నాను కాబట్టి అదేమిటో ఇప్పటికీ తెలియదు.

నెల తిరిగాక ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లాను. ఆయన ఇంట్లో రిలేలన్నీ విప్పేస్తున్నాడు. వంటగది తలుపు తీస్తే దీపం వెలగలేదు. మోటారుకు మామూలు స్విచ్చు వేశాడు. నేలమీద గోనెసంచులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పక్కగది ఖాళీ, గోడకు కన్నం మాత్రం అలాగే ఉంది.

"స్నానాలగదిదొక్కటి ఉంచుతున్నాను తమ్ముడూ," అన్నాడు. "మీ వదినకది ఇష్టం. నీ కేక గుర్తొచ్చినప్పుడల్లా పడీపడీ నవ్వేది."

నేను నేలమీద కూర్చుండిపోయాను.

"అన్నయ్యా, నాకు వినిపించదు," అన్నాను. "టక్కూ వినిపించదు, మిషనూ వినిపించదు. ఆవేళ వదిన రెండుసార్లు చెప్పింది. నాకు వినపడలేదు. అవునవునన్నాను."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. నాకు ఎదురుగా వచ్చి కూర్చుని, పెదాలు నాకు కనిపించేలా నిదానంగా మాట్లాడాడు.

"తెలుసు. బోర్డు దగ్గర విను అన్నానే, ఆరోజు నేను దేన్నీ నొక్కలేదు. ఊరికే చెయ్యి పెట్టాను. నువ్వు బ్రహ్మాండంగా విన్నానన్నావు."

"మరెందుకు కూర్చోబెట్టారు నన్ను?"

"ఇంకెవరున్నారు?" అన్నాడు. "నువ్వు దాచుకుంటుంటే నేనెలా అడగను? సిగ్గుపడతావని దీపం పెట్టాను. అది కూడా ఎవరూ గమనించకూడదని హడావిడిగా పెట్టాను." మొహం చేతుల్తో కప్పుకున్నాడు. ఆ తర్వాత ఏమన్నాడో నాకు అందలేదు.

కాసేపయ్యాక సంచిలోంచి ఒక రిలే, రెండు తీగలు, చిన్న బ్యాటరీ తీశాడు. నన్ను అటు తిరిగి కూర్చోమన్నాడు. భుజం మీద తట్టి, ముందుకొచ్చి మొహం చూపిస్తూ, "వినిపించినప్పుడే చెయ్యెత్తు. రేపు చెవుల డాక్టరు దగ్గరికి పోదాం," అన్నాడు. మళ్లీ నా వెనక్కి వెళ్లాడు.

ఎదురుగా గోడమీద ఆయన నీడ పడుతోంది. నీడలో ఆయన వేలు తీగను తాకడం, తీయడం, మళ్లీ తాకడం స్పష్టంగా కనిపిస్తోంది. ఎప్పుడు చెయ్యెత్తాలో నాకు బాగా తెలుస్తోంది. చెయ్యి అలవాటుకొద్దీ మోకాలి మీంచి కాస్త లేచింది కూడా.

కళ్లు మూసుకున్నాను. ఆయన ఎన్నిసార్లు మోగించాడో తెలియదు. నేను చెయ్యెత్తలేదు.